కోన్ పెట్టని చోటు

హిందూపురం
ఆగస్టు, శనివారం

రంజితక్కకు,

బాగోగులు తర్వాత అడుగుతాను, ముందు నా కోపం దించుకోనీ. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎందుకు ఎత్తవో తెలుసు. ఉగాది దాటిన వారం నీ తమ్ముడు రోహిత్ బండి లారీ కింద పడిందని నీకు చెప్పింది ఆ ఫోనే. అందుకే ధర్మవరానికి పట్టునూలు మూటలు తీసుకుపోయే లింగప్ప చేతికి ఇది ఇస్తున్నాను. "యాడా పారేయొద్దు మామా, అక్క చేతికే ఇయ్యల్ల" అంటే, "నూలు మూటలే పోగొట్టుకోలేదు, నీ కాగితం పోగొడతానా" అని తిట్టాడు.

మన పెన్నా ఫుట్‌బాల్ జట్టు ఈ రోజు కూడా ఓడింది. లీగ్ మొదలైనప్పటి నుంచి ఒక్క ఆట గెలవలేదు. ఇట్లాగే పోతే కింది డివిజన్‌కు పడిపోతాం. పడిపోతే జట్టును మూసేస్తానని ఓనరు పుల్లయ్య శెట్టి అందరి ముందూ చెప్పేశాడు. ఆయన పట్టుగూళ్ళ వ్యాపారి, పుచ్చిపోయే సరుకును గోడౌన్‌లో ఉంచుకోడు. జట్టు మూస్తే బట్టలు ఉతికి, మైదానానికి సున్నం గీతలు వేసే నా పని కూడా పోతుంది. పోనీ. మిల్లుకు పోయి మళ్ళీ దూది పీలుస్తాను. ఆట తప్ప ఏమీ రాని వాళ్ళు ఎక్కడికి పోతారు?

శెట్టి ఇప్పుడు కొత్త మాట ఎత్తుకున్నాడు. తప్పు ఆడేవాళ్ళది కాదు, నేర్పేవాళ్ళది అంటాడు. ముగ్గురు కోచ్‌లలో ఒకరిని పంపించేస్తాడట. ఎవరిని పంపాలో మేమే చెప్పాలట. అదీ ఎట్లా? తువ్వాల కింద! ఎద్దుల సంతలో బేరగాళ్ళు తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టించి ధర చెప్పుకుంటారు చూడు, అట్లా. ఒక వేలు పట్టిస్తే పెద్ద కోచ్ అంజనప్ప సార్. రెండు వేళ్ళయితే బెంగుళూరు నుంచి వచ్చిన పవన్ కుమార్ సార్, పరుగెత్తించి, ఆటల వీడియోలు లాప్‌టాప్‌లో చూపించే ఆయన. మూడు వేళ్ళయితే డిఫెన్స్ కోచ్. అంటే మీ నాయన, మా పెద్దనాయన.

"మనుషులను ఎద్దుల మాదిరి బేరం పెడతారా శెట్టీ?" అని అడిగేశాను.

"ఎద్దుకైతే పండ్లు చూసి చెప్తా అబ్బోడా. కోచ్‌కు పండ్లు చూస్తే ఏం తెలుస్తాది?" అని నవ్వాడు.

అక్కా, నేను మూడు వేళ్ళు పట్టిస్తాను. ఇంకొకరి నోట వినే ముందు నా చేతి రాతలోనే విను.

ఎందుకో చెప్తాను. ప్రాక్టీసులో డిఫెన్స్ వాళ్ళు ఎవరెవరు ఎక్కడ నిలబడాలో పెద్దనాయన ప్లాస్టిక్ కోన్లు పెట్టి చూపిస్తాడు. అందరికీ పెడతాడు. గోల్ ముందు నడి మధ్యన, స్టాపర్ నిలబడే చోట, మన రోహిత్ నిలబడే చోట మాత్రం పెట్టడు. మొదటిసారి మరిచిపోయాడేమో అనుకుని నేనే ఒక కోన్ తీసుకుపోయి పెట్టాను. ఆయన వచ్చి, దాన్ని రెండు చేతులతో ఎత్తి, నా చేతిలో పెట్టి, "అడ్డం పెడతావేమబ్బా? ఆడ రోహిత్ ఉండాడు గదా" అన్నాడు. తమాషాకు అన్నట్టు లేదు. ఏడుపూ లేదు. పొద్దున్నే పాలు వచ్చాయా అన్నంత మామూలుగా అన్నాడు. నేను అటు తిరిగి చూశాను అక్కా. చూడకూడదని తెలిసీ చూశాను.

ఆ చోట ఇప్పుడు ఆడేది హరి. అగళి దగ్గర పల్లె వాడు, గొర్రెల మంద వెంట పెరిగిన వాడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. వాడు ఆ ఖాళీని తొక్కకుండా పక్కకు జరిగి నిలబడతాడు. ఆట రోజు కూడా అట్లాగే నిలబడతాడు. అటు బంతి వస్తే మిగతా వాళ్ళు కూడా కదలరు. ఎవరో వచ్చి తీసేస్తారన్నట్టు చూస్తారు. ఎవరూ రారు, గోల్ పడుతుంది. అవతలి జట్లకు ఈ దారి తెలిసిపోయింది, అందరూ అటే కొడుతున్నారు.

పవన్ కుమార్ సార్ ఒక రోజు లాప్‌టాప్‌లో బొమ్మ వేసి చూపించాడు. మనకు పడిన గోల్స్ అన్నీ ఆ ఒక్క సందులో నుంచే. అంజనప్ప సార్ తన బూట్లు చూసుకున్నాడు. ఆయన, పెద్దనాయన పాతకాలం మిల్లు జట్టులో కలిసి ఆడినవాళ్ళు, నోరు లేవదు. పెద్దనాయన మాత్రం తీరిగ్గా చూసి, "అవు సార్, ఈ మధ్య వానికి ఒంట్లో బాగలేదు" అన్నాడు.

ఆట అయ్యాక ఉతికే బట్టల కుప్పలో నాలుగో నంబరు జెర్సీ కూడా ఉంటుంది. రోహిత్‌ది, పెద్దనాయన ఇంటి నుంచి తెచ్చి వేస్తాడు. మడత నలగలేదు, నాఫ్తలిన్ వాసన వస్తుంటుంది. నేను ఉతుకుతాను. ఉతకకుండా పక్కన పెట్టే ధైర్యం నాకూ లేదు.

నువ్వు చెప్తే పెద్దనాయన వింటాడు. వచ్చి చెప్పు. లేదంటే నా వేళ్ళు చెప్తాయి.

అజిత్


ధర్మవరం
ఆగస్టు

తమ్ముడు అజిత్‌కు,

నీ ఉత్తరం అందింది. మగ్గం మీద పెళ్ళి చీర ఉంది, అందుకే జవాబు ఆలస్యమైంది.

మూడు వేళ్ళు పట్టించద్దు. ఇది నేను అడుగుతున్నాను అనుకో, చెప్తున్నాను అనుకో. నీకు ఇరవై నాలుగేళ్ళు, రక్తం ఉడుకుతుంది. నాయనకు ఆ మైదానం తప్ప ఏముంది? పెనుకొండలో ఆ ఇంట్లో ఒక్కడే. బీపీ మాత్రలు వేసుకున్నాడో లేదో అడిగే దిక్కు లేదు. సాయంత్రం రైలెక్కి హిందూపురం పోవాలి అనే పని ఒకటుంది కాబట్టి పొద్దున లేస్తున్నాడు. దాన్ని పీకేస్తే ఏమవుతుందో నువ్వు చూడవు, నేను చూడాలి.

ఏడాది కానీ. సంవత్సరీకం పెట్టనీ. అప్పటి దాకా ఒక కోన్ తక్కువైతే ఏం మునిగిపోతుంది?

అయినా మీరు మరీ అంత అన్యాయంగా ఏం ఆడలేదు గదా. పోయిన ఆటలో మొదటి సగం బాగానే కాచినారట. ఎడమ పక్క నుంచి ఎత్తుగా వచ్చిన బంతిని గాల్లోకి లేచి తలతో తీసి పారేశాడట. అవతలి వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారట. మంచి కూడా రాయి, అంతా చెడే రాస్తావు.

ఆ జెర్సీకి బ్రష్ వేయొద్దు. నీడలో ఆరేయి.

రంజిత


హిందూపురం
సెప్టెంబరు

అక్కా,

తువ్వాల పని అయిపోయింది.

కోచ్‌లు ముగ్గురినీ బయట ఉండమని, మమ్మల్ని ఒక్కొక్కరినే శెట్టి ముందు కూర్చోబెట్టారు. మోకాళ్ళ మీద ఎర్ర అంచు తువ్వాల పరుచుకున్నాడు. దాని కింద చెయ్యి పెట్టాలి. శెట్టి చెయ్యి మెత్తగా, చల్లగా ఉంది. సంతలో ఎద్దును అమ్మేవాడు ఎట్లా ముఖం పక్కకు తిప్పుకుంటాడో అందరూ అట్లాగే తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. శెట్టి కళ్ళలోకి చూస్తూ మూడు వేళ్ళు పట్టించాను. నీ మాట వినలేదు. తిట్టుకో.

అందరూ అయ్యాక శెట్టి తువ్వాల దులిపి, "అన్నీ రెండే. ఒక్కటి మాత్రం మూడు. అది ఎవురిదో చెప్పను, సంతలో మర్యాద అది" అన్నాడు.

చెప్పక్కరలేదు. గదిలో తలలన్నీ నా వైపు తిరిగాయి.

గోల్‌కీపర్ లక్ష్మన్న లేచి వచ్చాడు. "కొడుకును పోగొట్టుకున్నోని మీద వేళ్ళు చూపిస్తావా రా? నీకు అన్నం ఎట్ల దిగుతాది?"

"నీ వెనక వలలో పడినవన్నీ ఏరుకుంటా నువ్వు తింటాండావు గదా. నీకెట్ల దిగుతాదో నాకూ అట్లే."

అంజనప్ప సార్ వచ్చి మధ్యలో నిలబడకపోతే ఇద్దరికీ పండ్లు రాలేవి.

అక్కా, ఆ గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. పవన్ కుమార్ సార్ ఒక్కడే ఆ ఖాళీ పూడ్చండి అని నోరు తెరిచి చెప్పాడు. అతన్నే పంపించారు. పిరికితనానికి రెండు వేళ్ళు చాలు. నేను బస్టాండుకు పోయి ఆయన పెట్టె మోశాను. ఏం చెప్పాలో తెలియక అందరినీ బూతులు తిట్టాను.

ఆయన నవ్వాడు. "బిడు అజిత్, వదిలెయ్. నాకు బేజారు లేదు. ఆ తువ్వాల కింద నేను చెయ్యి పెట్టి ఉన్నా రెండే చూపిస్తాంటి."

"మీ మీద మీరేనా సార్?"

"ఆయన మొగం చూసి మూడు ఎట్ల చూపించేది చెప్పు" అన్నాడు. బస్సు ఎక్కాక కిటికీలోంచి, "ఆ హరిని చూసుకో" అన్నాడు.

అప్పటి నుంచి నాతో ఎవరూ మాట్లాడరు. మడిచిన బట్టలు ఇస్తే నేల మీద పెట్టమంటారు, నా చేతి నుంచి తీసుకోరు. మాట్లాడేది ఒక్క పెద్దనాయనే. "ఏమబ్బా, తిన్యావా?" అని రోజూ అడుగుతాడు. దానికి నాకు ఇంకా కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

ఒక సంగతి అడగాలి. ఎడమ పక్క నుంచి వచ్చిన బంతిని తలతో తీసేశాడు అని రాశావు. ఎవరు? ఆ ఆటంతా నేను గీత పక్కనే ఉన్నాను. ఎడమ పక్క నుంచి ఎత్తుగా వచ్చిన బంతి ఒకటే ఒకటి. దానికి ఎవరూ లేవలేదు. అది నేరుగా గోల్‌లోకి పోయింది.

నీకు ఈ ఆట ఎవరు చెప్తున్నారు?

అజిత్


ధర్మవరం
అక్టోబరు

అజిత్,

ఇన్ని రోజులు రాయలేదు. రాద్దామని కూర్చుంటే చెయ్యి రాలేదు. నువ్వు అడిగింది అడిగినట్టే ఉంది, పోవడం లేదు. చెప్తాను. చదివాక ఈ కాగితం చింపెయ్.

ఆట మరుసటి రోజు, ప్రతి ఆదివారం, నాయన రైలెక్కి ఇక్కడికి వస్తాడు. నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి నేస్తుంటాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని నిన్నటి ఆట చెప్తాడు. రోహిత్ ఎట్లా ఆడాడో చెప్తాడు.

వాడికి మన్ను పోసిన తర్వాత కొన్ని ఆదివారాలు ఆయన వచ్చి ఊరికే కూర్చునేవాడు. తట్టలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఆయన గొంతు ఎట్లా ఉంటుందో నేను మరిచిపోతానేమో అనిపించింది. ఒక ఆదివారం ఉన్నట్టుండి, "నిన్న మీ తమ్ముడు బాగ ఆడినాడు మ్మా" అన్నాడు.

అప్పుడు నేను, నాయనా వాడు లేడు గదా అని ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. కానీ నేను, "గోల్ ఏమన్నా పడిందా నాయనా?" అని అడిగాను.

"వాడుండంగా ఎట్ల పడుతాది?" అన్నాడు. ఆ రోజు ముద్ద తిన్నాడు. రెండోసారి చారు పోయించుకున్నాడు.

అంతే అజిత్. ఆ ముద్ద కోసమే మొదలుపెట్టాను. తర్వాత నాకే అలవాటైంది. శనివారం వచ్చిందంటే నా చెయ్యి మగ్గం మీద నిలవదు. రేపు నాయన వస్తాడు, వాడి సంగతులు తెస్తాడు అని. నేనే అడుగుతాను. ఎవరికి బంతి ఇచ్చాడు, ఎవరి మీద అరిచాడు, ఎండకు తట్టుకున్నాడా. నాయన అన్నింటికీ చెప్తాడు. మా ఇంటాయన మొదట్లో విన్నాడు. ఇప్పుడు నాయన మొదలుపెట్టగానే లేచి బయటికి పోతాడు. "ఇంట్లో ముగ్గురు మాట్లాడతాంటే నేను యాడ కూర్చునేది" అన్నాడు ఒకసారి.

చిన్నప్పుడు వాడి మోకాలు వాచేది, నీకు గుర్తుందో లేదో. ఒక ఆదివారం నేను, "మోకాలు ఎట్లుండాది నాయనా వానికి?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "కొంచిం నొప్పిగానే ఉండాది మ్మా. కట్టు కట్టి ఆడిస్తాండా" అన్నాడు. తర్వాతి వారం కూడా అడిగాను. ఇప్పుడు ప్రతి వారం అడుగుతున్నాను. ఎక్కడో ఒక చోట వాడి కాలు నొస్తోంది అంటే, ఎక్కడో ఒక చోట వాడికి కాలు ఉన్నట్టు గదా.

ఇదంతా తప్పని నాకు తెలుసు. నువ్వు చెప్పక్కరలేదు. ఆయన్ను మైదానం నుంచి తీసేస్తే ఆదివారం ఏం తెస్తాడు? వాడు మళ్ళీ పోతాడు అజిత్. ఈసారి ఫోన్ కూడా మోగదు.

రంజిత


హిందూపురం
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం చింపేశాను. చింపే ముందు మోకాలి సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు కూర్చుని చదువు ఇది.

హరికి ఏ నొప్పీ లేదు. కొండల మీద మేకలతో సమానంగా పరుగెత్తిన కాళ్ళు వాడివి. రెండు నెలల నుంచి ప్రతి ఆటకు ముందు పెద్దనాయన వాడిని బల్ల మీద కూర్చోబెట్టి కుడి మోకాలికి కట్టు కడుతున్నాడు. నాకు అర్థమయ్యేది కాదు. మొదటి రోజు హరి, "నాకు బాగుండాది సార్" అన్నాడు. పెద్దనాయన, "ఊరికే ఉండు. మీ అక్క అడుగుతాంది" అన్నాడు. హరికి అక్క లేదు. పిచ్చివాడిలా నా ముఖం చూశాడు. నేనూ వాడి ముఖం చూశాను. ఎవరి అక్కో ఇప్పుడు తెలిసింది.

ఆ కట్టు ఎంత బిగువు అంటే, విప్పాక కాలు మీద నల్లటి గీత పడుతుంది. ఇప్పుడు హరి కుంటుతున్నాడు. కట్టు లేనప్పుడు కూడా. రోహిత్ ఎట్లా కుంటేవాడో అచ్చం అట్లాగే, కుడి పాదం కొంచెం బయటికి పెట్టి. హరి రోహిత్‌ను ఒక్కసారి కూడా చూడలేదు.

గీత పక్క నుంచి పెద్దనాయన "రోహిత్!" అని అరిస్తే హరి తిరుగుతాడు. మొదట్లో తిరిగేవాడు కాదు. "హరీ" అంటే ఇప్పుడు రెండోసారి పిలిచాక గానీ పలకడం లేదు.

నిన్న వాళ్ళ అమ్మ మారక్క వచ్చింది. అగళి నుంచి బస్సు పట్టుకుని, సద్ది మూట చంకన పెట్టుకుని, గేటు దగ్గర నిలబడి కొడుకును చూసింది. వాడు కుంటుకుంటూ వచ్చాడు. ఆమె వాడిని ఏమీ అడగలేదు. నేరుగా మైదానం మధ్యకు నడిచింది. చెప్పులు గీత బయటే విడిచింది, గుళ్ళోకి పోయినట్టు.

"సామీ, నా కొడుకు కాలికి ఏమైంది?"

పెద్దనాయన ఆమెకు నీళ్ళ బాటిల్ ఇచ్చాడు. "కూర్చోమ్మా. ఏం కాలేదు. రోహిత్‌కు నేను చెప్తాలే, జాగ్రత్తగా ఆడమని."

"రోహిత్ కాదు సామీ. హరి."

"అవు అవు. రోహిత్‌కు చెప్తా."

ఆమె నీళ్ళ బాటిల్ కింద పెట్టింది. అరవలేదు అక్కా. అరిచి ఉంటే బాగుండేది. "నీ బిడ్డ పోయినాడని చెప్పినారు సామీ. కడుపు రగిలిపోతాది, నాకు తెల్దా. నాకూ ఒకడు పోయినాడు, ఈనికంటే పెద్దోడు. ఈడు బతికుండాడు. ఈనికి ఒక పేరుండాది. ఆ పేరుతో పిలిస్తే నీ సొమ్మేం పోతాది?"

పెద్దనాయన ఆమె వైపు చూస్తూనే ఉన్నాడు. అంజనప్ప సార్, లక్ష్మన్న, అందరూ గడ్డి చూస్తున్నారు. నా మీద పండ్లు కొరికిన మగాళ్ళు ఆ ఆడమనిషి ముందు ఒక్కడు కూడా తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అక్కా, నువ్వు ధర్మవరంలో అడిగిన మాట ఇక్కడికి వచ్చి వాడి కాలికి కట్టైంది. నువ్వు దారం పోగేసినట్టు వారానికొక మాట వేశావు. ఇప్పుడు ఒక బతికి ఉన్నవాడు దాంట్లో చిక్కుకున్నాడు. శెట్టి తువ్వాలతో ఇది తేలదు. నా వేళ్ళతో తేలదు. నువ్వే విప్పాలి. ఇంకొక్క ఆట ఉంది. అడుగున మనకు తోడు ఇంకో జట్టు కూడా ఉంది కాబట్టి, ఈ ఆట ఓడకుండా ఉంటే పై డివిజన్‌లో నిలుస్తాం. నాకు ఇప్పుడు దాని మీద కూడా ధ్యాస లేదు.

పో. పెనుకొండకు పో.

అజిత్


పెనుకొండ
నవంబరు

అజిత్,

వచ్చాను. ఈ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. నాయన నిద్రపోయి లేచి, బయట ఎండలో కూర్చుని ఉన్నాడు. ఆదివారం ఆయన నా దగ్గరికి రాక ముందే నేను వచ్చేసరికి గుమ్మంలో నిలబడి, "నేనే వస్తాంటి గదా, ఎందుకు రైలు చార్జీ తగలేస్తివి" అన్నాడు.

వంట చేసి పెట్టాను. ఆయన చెయ్యి కడుక్కుని, నిన్నటి ప్రాక్టీసు గురించి మొదలుపెట్టబోయాడు. ఆయన వాడి పేరు తీయక ముందే అడిగేశాను.

"హరి ఎట్ల ఆడతాండాడు నాయనా?"

ముద్ద తట్టలోనే పెట్టాడు.

హైవే మీద లారీల చప్పుడు వింటూ కూర్చున్నాం. అప్పుడు ఆయనే అన్నాడు. "వాడు ఎడమ కాలితో కొడతాడు. మనోడు కుడికాలు."

నేను ఏడ్చేశాను. ఆయన ఏడవలేదు. ఆశ్చర్యంగా నన్ను చూసి, "నువ్వు ఈ మాట అడగాలని ఎన్నాళ్ళ నుంచి కాచుకుంటాండా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"వాడు లేడని నాకు తెల్దనుకుంటివా రంజితా? మన్ను పోసిన చేతులివి. ఆ ఆదివారం నీ మొగం చూస్తి. నేస్తాండావు, చీర మీద కండ్లు లేవు, నన్ను చూడవు, ఎవుర్నీ చూడవు. నువ్వు కూడా పోతావేమోనని భయమేసింది. ఏదో ఒక మాట అంటే తిరిగి చూస్తావని అంటిని. గోల్ పడిందా అని అడిగితివి. అప్పుడు నీ మొగంలోకి మనిషొచ్చింది. మళ్ళీ వారం మళ్ళీ అడిగితివి. నేనేం చేసేది?"

"మరి కోన్ ఎందుకు పెట్టలేదు నాయనా? హరి కాలికి కట్టెందుకు?"

తల వంచుకున్నాడు. "బిడ్డతో వట్టి అబద్ధం చెప్పేకి నాకు నోరు రాదమ్మా. ఆడ చోటు పెడితే, ఆ చోటును చూస్తా ఉంటే, చెప్పేకి ఏదో ఒకటి వచ్చేది. నువ్వు మోకాలు అడిగితివి. యాడ తేవల్ల నేను మోకాలు? ఎవుని కాలికో ఒకని కాలికి కట్టు కడితే, కట్టినా అని నీకు చెప్పొచ్చు. అది నిజమే అయితాది."

నేను ఆయన కోసం అడిగాను. ఆయన నా కోసం చెప్పాడు. ఇద్దరం కలిసి ఎవరి బిడ్డనో కుంటివాణ్ణి చేశాం.

"మొదట అంతా నీకోసరమే చేస్తి. ఈ మధ్య తెల్దమ్మా" అన్నాడు తర్వాత. "పిలిస్తే వాడు తిరిగి చూస్తాడు గదా. తిరిగినప్పుడు ఒక గడియ మనోడే. ఆ ఒక గడియ కోసరం మళ్ళీ పిలుస్తా." అంటూ చేతులు చూసుకున్నాడు.

రేపు సోమవారం శెట్టి దగ్గరికి పోతాడట. ఏం చెప్తావు నాయనా అంటే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నువ్వు నాకు రాసిన మాటలకు నేను కోపగించుకోలేదు. కోపగించుకునే చోటు మిగల్చలేదు నువ్వు.

రంజిత


హిందూపురం
డిసెంబరు

అక్కా,

పెద్దనాయన సోమవారమే వచ్చాడు. శెట్టి లెక్కల్లో మునిగి ఉన్నాడు. పెద్దనాయన ఎదురుగా కూర్చుని, "తువ్వాల తియ్యి శెట్టీ" అన్నాడు.

"ఇప్పుడేం బేరం నారాయణప్పా?"

"తియ్యి."

శెట్టి భుజం మీది తువ్వాల తీసి మోకాళ్ళ మీద వేసుకున్నాడు. పెద్దనాయన చెయ్యి దాని కిందికి పోయింది. నేను గుమ్మం దగ్గర బట్టల మూటతో ఉన్నాను. శెట్టి ముఖం మారిపోవడం చూశాను. సంతలో ఎన్ని బేరాలు చేసి ఉంటాడో, ఎన్ని చేతులు పట్టుకుని ఉంటాడో, ఆయన కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నోటితో చెప్పొచ్చు గదప్పా" అన్నాడు. "రాలేదు" అన్నాడు పెద్దనాయన. తర్వాత హరి దగ్గరికి పోయి, "అమ్మకు చెప్పు నాయనా" అని మాత్రం అని స్టేషన్‌కు నడిచిపోయాడు. ఏం చెప్పమన్నాడో చెప్పలేదు.

నేను సంతోషించాను. దాచుకోను. ఇంక అంతా సరిపోతుంది అనుకున్నాను. హరి మోకాలికి నేనే నూనె రాశాను. కట్టు లేకుండా పరుగెత్తించాను. కుంటు తగ్గుతూ వచ్చింది. అంజనప్ప సార్‌కు కూడా నోరు వచ్చింది. అందరికీ చోట్లు చూపించాడు, అందరికీ, ఎక్కడా ఖాళీ లేకుండా. లక్ష్మన్న నా చేతి నుంచి జెర్సీ తీసుకున్నాడు.

శనివారం చివరి ఆట. జనం బాగా వచ్చారు. మనవాళ్ళు అంత బాగా ఆడటం ఈ ఏడాది నేను చూడలేదు. హరి నడి మధ్యన, ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డాడు. వాడి మీదుగా ఒక్క బంతి పోలేదు. సమానంగా ముగిసినా చాలు, నిలుస్తాం. ఇంక అయిపోతుంది అనగా ఎడమ పక్క నుంచి ఎత్తుగా ఒక బంతి వచ్చింది. హరి దాని కిందికి సరిగ్గా పోతున్నాడు. తీసేస్తాడు. అందరికీ తెలుసు, తీసేస్తాడు.

గీత పక్క నుంచి ఎవరో "రోహిత్!" అని గట్టిగా అరిచారు.

హరి ఆగి, తిరిగి చూశాడు.

బంతి వాడి తల మీదుగా పోయింది.

పెద్దనాయన మైదానంలో లేడు అక్కా. పెనుకొండలో ఉన్నాడు. అరిచింది నేను. నా గొంతే. నేను ఏమీ అనుకోలేదు, నోరు దానంతట అదే తెరుచుకుంది. ఎడమ పక్క నుంచి ఆ బంతి వస్తే ఎన్నేళ్ళు ఆ పేరు అరిచానో, అదే వచ్చింది. రోహిత్ పోయిన పొద్దు తర్వాత నేను వాడి పేరు గట్టిగా పిలవడం అదే మొదటిసారి. పిలిచాక ఎంత బాగుందో చెప్తే నన్ను చెప్పుతో కొడతావు.

ఓడిపోయాం. కింది డివిజన్‌కు పడిపోయాం. శెట్టి మైదానం గేటుకు తాళం వేయించాడు. హరి మూట సర్దుకుని, పోయే ముందు నా దగ్గరికి వచ్చి, "అన్నా, పిలిచింది నువ్వేనా?" అని అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకుందామని. నేనేనన్నాను. "సరేలేన్నా" అని అగళి బస్సెక్కాడు. కుంటలేదు. అది ఒక్కటే నీకు రాయగలిగిన మంచి.

ముగ్గురిలో ఎవరు పనికిరారని తేల్చడానికి నాలుగు నెలలు వేళ్ళు చూపించుకున్నాం. నా వేళ్ళు అందరికంటే ముందు లేచాయి.

ఆదివారం నేను ధర్మవరం వస్తున్నాను. పెద్దనాయన అక్కడే ఉంటాడు, ఇంక ఆయన దగ్గర నీకు చెప్పడానికి ఏమీ ఉండదు. నేను చెప్తాను. ఓడిన ఆటంతా, మొదటి విజిల్ నుంచి చివరి దాకా, హరి ఎక్కడ నిలబడ్డాడో, ఎన్ని బంతులు తీశాడో, గోల్ ఎవరి వల్ల పడిందో, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నువ్వు నేసుకుంటూ విను. ఒక్కటే బతిమాలుతున్నాను. నేను చెప్పేటప్పుడు మధ్యలో రోహిత్ గురించి ఏమీ అడగొద్దు అక్కా.

అడిగితే నేనూ చెప్పేస్తాను.

అజిత్